పండు అమ్మితే పండు ధరే వస్తాది

మొన్న వైజాగ్‌లో చదువుకునే ఒక స్నేహితుడు ఫోటో పంపాడు. ఏసీ షాపు, చిన్న కప్పు, వెనక బోర్డు మీద ‘అరకు స్పెషాలిటీ’. "మీ కాఫీయే కదరా, ఎలాగుంటాదో చెప్పు" అన్నాడు. ఏం చెప్పేది? మా ఇంటి వెనక కొండ మీద ముప్పై ఏళ్ళుగా కాఫీ తోట ఉంది. పొద్దున్నే మేం తాగేది మాత్రం సంతలో కొన్న టీ పొడి.

2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కి జీఐ గుర్తింపు వచ్చింది. 2023లో జీ20 దేశాధినేతలకి బహుమతిగా ఇచ్చారు. 2025లో పార్లమెంటులో స్టాళ్ళు పెట్టారు. సంతోషమే, ఎగతాళికి అనట్లేదు. మన కొండ పేరు ఢిల్లీలో వినబడితే ఎవరికి చేదు? నా బాధ వేరు. ఆ కప్పులో రుచి ఎక్కడ తయారవుతుందో, ఆ పని ఎవరి చేతుల్లోంచి జారిపోతోందో ఎవరూ మాట్లాడరు.

రుచి సగం చెట్టు మీద వస్తాది, నీడ వల్ల, చలి వల్ల. మిగతా సగం కోసిన తర్వాత కొద్ది రోజుల్లోనే తేలిపోతాది. నవంబరు నుంచి పండు ఎర్రబడుతుంది. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, ఎర్రపండు కలిసే ఉంటాయి. ఎర్రనివే ఏరాలంటే ఒక్కో చెట్టు దగ్గరకి మూడు నాలుగు సార్లు ఎక్కాలి. ఎక్కేది ఎక్కువగా మన అక్కచెల్లెళ్ళే. కోసిన రోజే నీళ్ళలో పోసి తేలినవి తీసేయాలి. పల్పర్‌లో తొక్క తీయాలి. జిగురు వదిలేదాకా రాత్రంతా పులియబెట్టాలి, చలి ముదిరితే ఇంకా ఎక్కువసేపు. కడిగి, నేలకి తగలకుండా మంచెల మీద ఆరబెట్టి, సాయంత్రం మంచు దిగకముందే కప్పేయాలి. తేమ 11 శాతం దగ్గరకి రావాలి. ఒక్క రాత్రి ఏమరుపాటుగా ఉంటే పులుపు వాసన పట్టేస్తాది, ఇంక అది స్పెషాలిటీ కాదు. రుచి చూసేవాళ్ళు 100కి 80 మార్కులు దాటితేనే ఆ పేరు ఇస్తారు.

ఇంత పనికీ విలువ ఉంది. సుమారు 6 కిలోల పండ్లకి ఒక కిలో గింజ వస్తాది. పండు పండుగానే అమ్మేస్తే ఈ పనీ, దాని మీద వచ్చే డబ్బూ రెండూ కొండ దిగిపోతాయి.

మరి ఎందుకు అమ్మేస్తున్నాం? మా మామ ఒక మాట అంటాడు: "డబ్బు కావలసింది ఆగస్టులో, కాఫీ వచ్చేది డిసెంబరులో. మధ్యలో ఎవుడిస్తే ఆడే నా షావుకారు." రెండేళ్ళ క్రితం అత్త ఆసుపత్రి ఖర్చుకి అడ్వాన్సు తీసుకున్నాడు. కోతకి షావుకారు మనిషి వచ్చి, పచ్చీ పండూ కలిపి దూసి పట్టుకుపోయాడు. తూకం ఆయనదే, ధర ఆయనదే. తర్వాత మన కాఫీలో క్వాలిటీ లేదని మాట. ఇందులో మన తప్పు లేదని చెప్పను. కూలీ మిగులుతాదని, దొంగల భయమని మనమే కొమ్మ దూసేసే రోజులున్నాయి. కానీ ఎర్రపండుకీ పచ్చికాయకీ ఒకే ధర కట్టేవాడి దగ్గర ఎవడు మూడుసార్లు కొండెక్కుతాడు?

జీఐ సంగతి కూడా తెలుసుకోండి. దరఖాస్తు పెట్టుకున్నది కాఫీ బోర్డు. ఆ పేరుని రైతు వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుడిగా విడిగా నమోదు కావాలి. మీ ఊళ్ళో ఎంతమంది అయ్యారో ఓసారి అడగండి.

కొందరు మిత్రులు కాఫీ తెల్లోడు తెచ్చిన పంట, పీకేయండి అంటారు. నేను ఒప్పుకోను. పోడు మానమని చెప్పి ఈ మొక్క చేతిలో పెట్టారు, మనం పెంచాం, ఇప్పుడు అది మనదే. అలాగని చోడి, సామ వేసే గరువుల్లో కూడా కాఫీ నాటడం నాకు ఇష్టం లేదు. ధర పడిపోయిన ఏడు కాఫీ గింజ వండుకుని తినలేం. నీడకి అంతా సిల్వర్ ఓకే వేసేయడం కూడా ఆలోచించాలి. పనస, మామిడి నీడలోనూ కాఫీ బాగానే వస్తాది, పిల్లలకి పండూ దొరుకుతుంది.

ఇంక భూమి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉన్నవాడికి తోట మీద ధైర్యం ఉంటాది. పట్టా రానివాడు ఇంకొకరి పేరుతో అమ్ముకుంటున్నాడు. అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లో మనవాళ్ళు ఇప్పటికీ కూలీలే. తరాలుగా కోస్తున్న చేతులకి ఆ తోటలు అప్పగించమని అడగడం న్యాయమే.

ముందుగా అడగాల్సింది మాత్రం చిన్నది. ఊరికో పల్పర్, నీళ్ళు, ఆరబెట్టే మంచెలు, తేమ కొలిచే మిషను. ఆగస్టులో వడ్డీ లేని అడ్వాన్సు. మన పిల్లల్లో కొందరికి కాఫీ రుచి చూసి మార్కులు వేసే శిక్షణ, ‘క్వాలిటీ లేదు’ అన్నవాడికి ఎదురు కప్పు పెట్టి మాట్లాడటానికి. మా ఊళ్ళో ఒక పల్పర్ ఉంది. రేకు అరిగిపోయి గింజని చీల్చేస్తోంది. రెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం. ఈసారి గ్రామసభలో తీర్మానం రాయించి, అందరం సంతకాలు, వేలిముద్రలు వేసి పట్టుకెళ్తున్నాం. మీ ఊళ్ళో మిషను ఏ స్థితిలో ఉందో కింద రాయండి, కోత మొదలవకముందే కలిసి వెళ్దాం.