తక్కెడకు తెలియని తేడా

మొన్న ఒక పని మీద ఢిల్లీలోని ఒక జిల్లా న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చింది. వరండాలో తెలుగు మాట వినిపించి ఆగాను. మన్యం నుంచి వచ్చిన ఒక నడివయస్సు స్త్రీ, తన కొడుకు కేసు చూస్తున్న ప్లీడరు కోసం ఎదురు చూస్తున్నది. ఆ కుర్రవాడు లారీ క్లీనరు. గంజాయి మూటలతో పట్టుబడ్డాడు. సరుకు ఎవరిదో ఆమెకు తెలియదు, కొడుక్కూ తెలియదట. "ఎన్నేళ్ళు పడతాది బాబూ?" అని అడిగింది. "ఎన్ని కిలోలమ్మా?" అని నేను తిరిగి అడిగాను. అడిగిన తరువాత నాకే సిగ్గు వేసింది. మనిషి ఏమి చేశాడని కాక మూట ఎంత తూగిందని అడగవలసి రావడంలోనే మన మాదక ద్రవ్యాల చట్టం స్వభావమంతా ఉన్నది.

ఈ చట్టం బిల్లు 1985 ఆగస్టు 23న లోక్‌సభ ముందుకు వచ్చింది. మూడు నెలలు తిరగకుండానే, నవంబరు 14 నుంచి అమలయింది. సొంత వాడకానికి ఉంచుకున్న స్వల్ప పరిమాణం మినహా, హెరాయిన్ వంటి పదార్థాల విషయంలో గ్రాములైనా కిలోలైనా కనీసం 10 సంవత్సరాల కఠిన శిక్షను అది విధించింది. ఇది అన్యాయమని గుర్తించిన పార్లమెంటు 2001లో సవరణ చేసింది. పెద్ద వ్యాపారులకు కఠిన శిక్ష, వ్యసనపరులకూ చిన్న నేరస్థులకూ తక్కువ శిక్ష అన్నది ఆ సవరణ ఆశయం. ఆశయం ఉదాత్తమైనదే. దానికి ఎంచుకున్న సాధనం మాత్రం తక్కెడ.

గంజాయి 1 కిలో వరకు, హెరాయిన్ 5 గ్రాముల వరకు స్వల్ప పరిమాణం. గంజాయి 20 కిలోలు, హెరాయిన్ 250 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. 19 కిలోల 900 గ్రాముల గంజాయి దొరికితే కనీస శిక్ష అంటూ లేదు. 10 సంవత్సరాలకు లోబడి న్యాయమూర్తి తన వివేకం ప్రకారం నిర్ణయించవచ్చు. మరి 200 గ్రాములు కలిస్తే 10 నుంచి 20 సంవత్సరాలు. జుల్మానా కనీసం లక్ష రూపాయలు. అక్కడ న్యాయమూర్తి చేతులు కట్టివేయబడతాయి. 1985 నాటి చట్టంలో గంజాయికి గరిష్ఠ శిక్షే 5 సంవత్సరాలన్న సంగతి ఈ సందర్భంలో గమనార్హం. తక్కినవారికి ఊరట కలిగించదలచిన సవరణ, మన మన్యం మూటలు మోసేవారికి ఉరుమై వచ్చి పడింది.

ఇక మనుషుల మధ్య తేడా సంగతి. ఈ వ్యాపారానికి పెట్టుబడి పెట్టేవారి కోసం చట్టంలో 27ఏ సెక్షన్ ప్రత్యేకంగా ఉన్నది. దాని కింద శిక్ష 10 నుంచి 20 సంవత్సరాలు. 20 కిలోలు దాటిన మూటను మోసిన కూలీకీ అదే 10, అదే 20. కనీస శిక్షను మించి విధించడానికి పరిశీలించదగిన అంశాలను 32బి సెక్షన్ పేర్కొంటుంది: హింస, ఆయుధాల వాడకం, ప్రభుత్వ పదవి దుర్వినియోగం, మైనర్లను వాడుకోవడం, విద్యాసంస్థలలో నేరం, ముఠాలతో సంబంధం వగైరా. శిక్ష పెంచడానికి ఇన్ని మెట్లు కట్టిన చట్టం, కనీసం కంటే దిగడానికి ఒక్క మెట్టయినా కట్టలేదు.

న్యాయస్థానాలు కూడా తక్కెడ వైపే మొగ్గాయి. కల్తీ కలిపిన పొడిలో అసలు మాదక ద్రవ్యం బరువునే లెక్కించాలని 2008లో సుప్రీం కోర్టు అన్నది. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా మొత్తం మిశ్రమాన్ని తూచాలన్నది. 2020లో హీరాసింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2008 నాటి తీర్పును తోసిపుచ్చింది. ఇక 2021లో గురుదేవ్ సింగ్ కేసులో, కిలో హెరాయిన్‌తో దొరికిన వ్యక్తి తాను బీదవాడిననీ, సరుకు మోసేవాడిని మాత్రమేననీ మొరపెట్టుకున్నాడు. సుప్రీం కోర్టు అతని 15 సంవత్సరాల శిక్షను ఖాయం చేసింది.

కోర్టు వాదనలో బలం లేదనను. పేదరికాన్ని మినహాయింపుగా అంగీకరిస్తే ప్రతి వ్యాపారీ పేదలనే పనికి పెట్టుకుంటాడని అంటారు. కాని, ఇప్పుడు చేస్తున్నది అదే కదా! మోసేవాడు జైలుకు పోతాడు. పెట్టుబడిదారు మరో కూలీని వెతుక్కుంటాడు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో మన పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. అంత పంట కూలీల సొమ్ముతో పండినది కాదు.

పొరుగు దేశాలు మనకు ఆదర్శం కావు. శ్రీలంకలో 2 గ్రాముల హెరాయిన్‌కే మరణశిక్ష విధించవచ్చు. అయితే 1976 తరువాత అక్కడ ఎవరినీ ఉరితీయలేదు. పాకిస్తాన్‌లో 2009లో లాహోర్ హైకోర్టు బరువును బట్టి శిక్షల పట్టిక తయారు చేసింది. ఇంగ్లండులో 2012 నుంచి అమలులో ఉన్న మార్గదర్శకాలు మాత్రం బరువుతో పాటు మరొక ప్రశ్న వేస్తాయి: ఈ వ్యవహారంలో ఇతని పాత్ర ఏమిటి? నడిపించినవాడా, ముఖ్యుడా, ఒత్తిడికి లోనై ఇతరులు చెప్పింది చేసినవాడా? మన న్యాయమూర్తులు ఈ ప్రశ్న వేసినా, జవాబుకు తగిన శిక్ష వేసే అధికారం వారికి లేదు.

మన పార్లమెంటుకు అవకాశం రాకపోలేదు. 2014 సవరణలో ఒక ఉపనిబంధన అక్షరం మారింది. 27ఏ సెక్షన్ మాత్రం పాత అక్షరాన్నే పట్టుకొని వేలాడింది. 2021లో త్రిపుర హైకోర్టు ఎత్తిచూపేవరకు ఆ తప్పు అలాగే ఉండిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో ఉభయ సభలూ అక్షరాన్ని సరిదిద్దాయి. తక్కెడను సరిదిద్దలేదు.

చేయవలసినది పెద్ద విప్లవమేమీ కాదు. నిందితుని పాత్ర, వయస్సు, బలవంతం, తొలి నేరమా కాదా అన్నవాటిని కూడా 32బి సెక్షన్‌లో చేర్చాలి. తగిన కారణాలను తీర్పులో వ్రాసిన పక్షంలో కనీస శిక్షకు దిగువకు పోయే అధికారాన్ని న్యాయమూర్తికి ఇవ్వాలి. పెట్టుబడిదారు శిక్షనూ కూలీ శిక్షనూ విడదీయాలి. నిర్ణయం తప్పయితే సరిదిద్దడానికి హైకోర్టులున్నాయి.

ఆ తల్లి నా ప్రశ్నకు బదులు చెప్పింది. ఇరవై రెండు కిలోలట. ఆ పై రెండు కిలోలు ఎవరివో, ఎవరు ఎత్తించారో ఏ తక్కెడా చెప్పదు. కేసు రుజువైతే ఆమె కొడుకు పదేళ్ళు మాత్రం ఆ రెండు కిలోలలోనే ఉన్నాయి.