ఆఱు దినముల పందెము

సైకిలు పందెములనగానే పలువురకు ఫ్రాన్సు దేశపు మహాపందెమే స్ఫురించును. ఇరువదియొక్క దినముల పరుగు, మూడు వేల కిలోమీటర్లకు మించిన త్రోవ, లోకమంతయు దాని వంకనే చూచుట దాని ఘనతలు. దాని ప్రక్కన ఆఱు దినములలో ముగిసిపోవు పందెమును గూర్చి వ్రాయనేల యని కొందఱడుగవచ్చును. చిన్నదానిని పెద్దదాని తునుకగా నెంచుట పొరపాటని మా అభిప్రాయము. అందులకు నిదర్శనముగా స్పెయిను దేశపు ఉత్తరపు కొండలలో ఏప్రిలు నెలలో జరుగు బాస్కు పందెమును పాఠకుల ముందుంచుచున్నాము.

బిస్కే అఖాతపు ఒడ్డున, స్పెయిను, ఫ్రాన్సు దేశముల సరిహద్దునకు ఇరువైపులను బాస్కు ప్రజలు తరతరములుగా నివసించుచున్నారు. వారి భాష పేరు ఎఉస్కర. చుట్టునున్న స్పానిషు, ఫ్రెంచి భాషలతో గాని, లోకమునందలి మఱి యే సజీవ భాషతో గాని దానికి చుట్టఱికము కలదని ఇంతవఱకు రుజువు కాలేదు. తమ పందెమునకు వారు తమ భాషలోనే ‘ఇత్సూలియా’ యని పేరు పెట్టుకొనిరి. చుట్టివచ్చుట, తిరిగివచ్చుట యని దాని భావము. గెలిచినవానికి బహుమానముగా ‘చపెలా’ యను వెడల్పాటి నల్లని బాస్కు టోపీని తలపై నుంతురు.

అచటి కొండలు ఆల్ప్సు శిఖరముల వలె ఎత్తైనవి కావు. పొట్టివి; కాని నిటారుగా నుండును. ఒక కొండ దిగి ఊపిరి పీల్చుకొనులోపల మఱియొకటి ఎదురగును. చదునైన బాటపై ముందు పోవువాడు గాలిని చీల్చుకొని పోవును గనుక వెనుకవానికి శ్రమ తగ్గును. కొండ నెక్కునపుడు వేగము తగ్గుటచే ఆ చాటు అంతగా అక్కఱకు రాదు. ఎవని బరువును వాడే మోయవలెను. ప్రతిదినము పట్టిన కాలమును కూడి, మొత్తము ఎవనికి తక్కువయో వానినే విజేతగా నిర్ణయింతురు. మూడు వారముల పందెములో ఒకనాటి నష్టమును మఱియొకనాడు పూడ్చుకొనుటకు వ్యవధి కలదు. ఆఱు దినములలో అట్టి వెసులుబాటు అరుదు. కనుక చిన్న పందెము సులభమైన పందెము కాదు.

2022వ సంవత్సరపు పందెమే ఇందులకు సాక్షి. బెల్జియము యువకుడు రెమ్కో ఎవెనెపోల్ అగ్రగామి ధరించు పసుపు చొక్కాతో చివరి దినమున బయలుదేఱెను. ఎయిబార్ పట్టణమునకు పైనున్న అర్రాతే కొండ చేరునప్పటికి ఆ చొక్కా వానిది కాకపోయెను. ఆనాటి పరుగును బాస్కు బిడ్డడైన ఇయోన్ ఇసాగిర్రే గెలిచెను. కాని ఆఱు దినముల మొత్తములో కొలంబియా దేశీయుడు డానియల్ మార్టినెజ్ కంటె 11 సెకండ్లు వెనుకబడి ద్వితీయుడయ్యెను. ఆ ఎవెనెపోలే 2024లో ఇదే పందెమున కొండ దిగుచు పడి జత్రుకాస్థిని (కాలర్ బోన్) విఱుగగొట్టుకొనెను. అయినను నాలుగు మాసములు తిరుగకమునుపే పారిసు ఒలింపిక్సులో రెండు స్వర్ణపతకములు గెలిచెను.

పడి లేచినది మనుష్యుడొక్కడే కాదు, ఈ పందెమును అట్టిదే. 1924లో ఇది మొదలయ్యెను. 1935లో ఇటలీ దేశపు జీనో బార్తాలీ గెలిచిన మఱుసటి యేడే స్పెయినులో అంతర్యుద్ధము చెలరేగెను. ఆ పిమ్మట 1969 వఱకు పందెము లేదు. ఆ యేట ఫ్రెంచి వీరుడు జాక్ ఆంకెతీల్ గెలుపుతో అది మరల ప్రాణము పోసికొనెను.

ఆ నడుమ కాలములో ఆ భాషకు కలిగిన కష్టము ఇంతకంటె పెద్దది. ఫ్రాంకో నిరంకుశ పాలనలో ఎఉస్కర బడులనుండియు, కచేరీలనుండియు వెడలగొట్టబడినది. దానిని నిలిపినది పందెములు కావు, చప్పట్లును కావు. 1940లలో ఎల్బిరా సిపిత్రియా యను ఉపాధ్యాయిని సాన్ సెబాస్టియన్ నగరమున ఇంటిలోనే కొలది మంది పిల్లలకు బాస్కు భాషలో చదువు చెప్పెను. 1960లలో తలిదండ్రులు చేతులు కలిపి ‘ఇకస్తోలా’లను పాఠశాలలను ఊరూర నెలకొల్పిరి. 1979లో ఆ భాషకు స్పానిషుతో పాటు అధికార భాషా గౌరవము లభించెను. నేడు అచటి స్వయంపాలిత ప్రాంతమున బడిపిల్లలలో అధికసంఖ్యాకులు బాస్కు మాధ్యమముననే చదువుచున్నారు. అయినను బడిలో నేర్చిన భాషను అందఱును వీధిలో మాటలాడుట లేదను చింత అచటి పెద్దలను ఇంకను వీడలేదు.

ఈ ముచ్చట మనకేల? అన్యభాషా ప్రాంతమున ఉన్న తెలుగు బడిలో చదువు పిల్లలకును, వారి తలిదండ్రులకును ఎదురగు ప్రశ్న ఒక్కటే: కొలదిమంది చదువు భాష వలన ప్రయోజనమేమి? ఈ ప్రశ్న వేయువారిని మేము నిందింపము. బిడ్డల బ్రతుకుదెరువు గూర్చిన దిగులే వారిచే అట్లు పలికించుచున్నది. కాని బాస్కు పిల్లలు తమ భాషను నేర్చుట కొఱకు స్పానిషును విడిచిపెట్టలేదు. మన పిల్లలును ఉన్నచోటి రాష్ట్రభాషను చక్కగా నేర్వవలెను, ఇంగ్లీషును నేర్వవలెను. ఇంటిభాషను మాత్రము విడువరాదు. ఒకటి రావలెనన్న వేఱొకటి పోవలెనను నియమము లేదు.

విద్యార్థులారా! మన తరగతిలో సంఖ్య తక్కువయని చిన్నబోవలదు. తక్కువ దినముల పందెములో ప్రతిదినమునకును విలువ హెచ్చైనట్లు, తక్కువ మంది యున్న బడిలో ప్రతి విద్యార్థికిని విలువ హెచ్చు. తలిదండ్రులారా! పత్రికను చూచి సంతసించి ప్రక్కన పెట్టుట బాటప్రక్కన నిలిచి చప్పట్లు కొట్టుట వంటిది. అదియు వలసినదే, కాని చాలదు. రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డచేత ఒక పుట పైకి చదివించి వినుడు. వచ్చు జూన్ నెలలో ఒకటవ తరగతిలో చేరవలసిన పసివానిని వెంటబెట్టుకొని రండు. మన కొండను మనమే ఎక్కవలెను.