తీర్పు చెప్పేవారి పనికీ పరీక్ష ఉండాలి: మా ప్రణాళిక

మేం కోర్టు వరండాల్లో ఏళ్లు గడిపినవాళ్లం. కక్షిదారులం, వకీళ్లం, వాళ్ల గుమస్తాలం. న్యాయమూర్తుల మీద పగతో ఇది రాయడం లేదు. వాళ్ల మీద నమ్మకం మిగలాలని రాస్తున్నాం.

రాజ్యాంగంలోని 235వ అధికరణ, కింది కోర్టులను హైకోర్టు అదుపులో ఉంచింది. అక్కడి జడ్జీలు ముగించిన కేసులకు యూనిట్లు లెక్కగడతారు, ఏటా నివేదిక పైకి వెళ్తుంది. ఆ లెక్కలో ఎన్ని తేలాయో ఉంటుంది గానీ ఎలా తేలాయో ఉండదు. తేలిగ్గా తెగే కేసు ముందుకొస్తుంది. ముప్పైమంది వారసులున్న భాగపంపకాల దావా వాయిదా మీద వాయిదా పడుతుంది. వాది పోయాక కొడుకు అదే మెట్లెక్కుతాడు.

అందుకే తీర్పులను చదివి విలువ కట్టాలంటున్నాం. ప్రతి జడ్జి తీర్పుల్లో కొన్నింటిని, ఆయన ఎంచి ఇచ్చినవి కాకుండా, విశ్రాంత న్యాయమూర్తులు చదవాలి. సాక్ష్యాన్ని తూచారా, ఓడినవాడికి తానెందుకు ఓడాడో తెలిసేలా రాశారా అన్నది చూడాలి. అప్పీలులో తీర్పు కొట్టేశారన్న ఒక్క కారణంతో ఎవరినీ తప్పుపట్టకూడదు. నిజాయితీగా చేసిన పొరపాటుకూ శిక్ష పడుతుందంటే బెయిలివ్వడానికి ఏ జడ్జికీ చెయ్యి రాదు.

కోర్టు హాలులో నడవడికనూ చూడాలి. వేళకు బెంచి ఎక్కుతున్నారా? సాక్షిని గదమాయిస్తున్నారా? ఊరినుంచి వచ్చిన మనిషికి ఆ రోజు తన కేసులో ఏం జరిగిందో తెలుగులో చెబుతున్నారా? ఈ చివరిది మాకు ప్రాణసమానం. తేదీ ఒక్కటే విని బయటికొచ్చిన రైతు సాయంత్రం దాకా గుమస్తా వెంట తిరగడం మేం రోజూ చూస్తున్నాం.

కనబడిన లోపాన్ని ముందు ఆ జడ్జికే చెప్పాలి, దాన్ని దిద్దే శిక్షణ ఇవ్వాలి. సెల్‌ఫోను సాక్ష్యం దగ్గర తడబడేవారికి అదే నేర్పాలి. అందరినీ ఒకే ఉపన్యాసానికి కూర్చోబెడితే అది శిక్షణ కాదు.

హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు కింది కోర్టులకున్నపాటి సమీక్ష కూడా లేదు. 1997లో వాళ్లే విలువల ప్రకటన చేసుకున్నారు, 1999లో అంతర్గత విచారణ పద్ధతి పెట్టుకున్నారు. అంతకుమించి ఉన్నది అభిశంసన. 1993లో జస్టిస్ వి.రామస్వామి మీద పెట్టిన తీర్మానం లోక్‌సభలో వీగిపోయింది. న్యాయమూర్తుల జవాబుదారీ బిల్లు 2012లో లోక్‌సభ దాటినా 2014లో మురిగిపోయింది. పదవి నుంచి తీసేయడానికీ ఊరుకోవడానికీ నడుమ ఒక మెట్టు కావాలి.

వాదనలు ముగిశాక సివిల్ కోర్టు 30 రోజుల్లో, మరీ తప్పకపోతే 60 రోజుల్లో తీర్పు చెప్పాలని చట్టం. రిజర్వు చేసిన తీర్పుల జాబితా, ఎన్ని రోజులైందో సహా, ప్రతి కోర్టు నోటీసు బోర్డుపై నెలనెలా పెట్టాలి. హైకోర్టుకూ ఇదే వర్తించాలి.

ఈ సమీక్ష మాత్రం సచివాలయం చేతికి పోకూడదు. కోర్టుల్లో అందరికంటే పెద్ద కక్షిదారు ప్రభుత్వమే.

వాయిదాల్లో మా పాపమూ ఉంది. మాలోని వకీళ్లు ఇకమీదట వాయిదా అడిగితే, కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టి కక్షిదారుకూ ఒక ప్రతి ఇస్తారు.