పెరోల్ ఫైలుకు చెవులుండయా? (12వ భాగం)



మొన్న ఎల్‌బీ నగర్‌ల మా రూముకు ఒక అక్క వచ్చింది. ఆమె పెనిమిటిని చంపిన అట్రాసిటీ కేసుల యావజ్జీవం పడ్డోడు బోనాలకు ఊర్లె కనబడ్డడట. "తమ్మీ, జైల్ల ఉండాల్సినోడు మా గల్లీల ఎట్ల తిరుగుతుండు? మాకెందుకు చెప్పలె?" అని అడిగింది. బస్సెక్కిద్దామని దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆమెతోని పోయిన. తొవ్వ పొడుగునా నా నోట మాట రాలె. అందుకే ఇది రాస్తున్న.

ఇంగ్లండ్‌ల పెరోల్ బోర్డు ఉంటది. ఖైదీని అడుగుతరు, బాధితుల మాట తీసుకుంటరు. మన దగ్గర పెరోల్ అంటే దరఖాస్తు, పోలీసు రిపోర్టు, సంతకం. విచారణ లేదు, ఫైలే.

ఆ ఫైలు ఎవరి మాట వింటది? మన పాలమూరు బిడ్డ, దళిత ఐఏఎస్ జి. కృష్ణయ్యను యాది చేసుకోండ్రి. గోపాల్‌గంజ్ కలెక్టర్‌గ ఉన్నప్పుడు, 1994 డిసెంబర్ 5న ముజఫర్‌పూర్ దగ్గర గుంపు చంపింది. గుంపును ఉసిగొల్పిన ఆనంద్ మోహన్‌కు 2007ల ఉరి పడ్డది, 2008ల హైకోర్టు యావజ్జీవం చేసింది. 2023 ఏప్రిల్ 10న బీహార్ సర్కారు జైలు రూల్సుల నుంచి "డ్యూటీల ఉన్న ఉద్యోగి హత్య" అన్న ముక్క తీసేసింది. 27న ఆయన విడుదలైండు. ఆ నెలలనే కొడుకు నిశ్చితార్థానికి పెరోల్ మీద బయట ఉన్నడు కూడ! కృష్ణయ్య భార్య ఉమాదేవి గారు మాత్రం అంతా అయిపోయినంక సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

అట్రాసిటీ చట్టానికి 2015ల చేర్చిన 15ఏ సెక్షన్ చదువుండ్రి. బెయిల్, విడుదల, పెరోల్ విచారణల్ల బాధితుల మాట వినాలె అని రాసుంది. మాట్లాడే హక్కు ఇచ్చిండ్రు, మాట్లాడే జాగ ఇయ్యలె.

"ఖైదీల హక్కులకు అడ్డం పడుతున్నవా అన్నా?" అని కొందరు అడుగుతరు. కాదు. శిక్ష పడ్డ ప్రతి ఐదుగురిల ఒకరు మనోళ్లే. తల్లి సావుకు పెరోల్ దొరకని పేదోడు కూడ మనోడే. ఆయన ఫైలు కదలదు, పలుకుబడి ఉన్నోని ఫైలు ఉరుకుతది.

అందుకే అడుగుతున్న. ప్రతి ఖైదీకి గడువు పెట్టి విచారణ జరగాలె. బాధితులకు ముందే నోటీసు రావాలె. ఇచ్చినా, ఇయ్యకున్నా కారణం రాసి బయటపెట్టాలె.

అక్కా, కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉన్నది. మన మొదటి దరఖాస్తు అక్కడనే. నేనొస్త.

(ఇంకా ఉంది)