ఒక్క కేసుకు మూడు ఊళ్లు: శ్రీ సత్యసాయి జిల్లా పటంలో దళితవాడ ఎక్కడ?

మడకశిర కేంద్రంగా కొత్త రెవెన్యూ డివిజన్ ఏర్పాటు చేసే ప్రతిపాదనకు 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. జనగణన కోసం 2025 డిసెంబరు 31 తర్వాత పరిపాలనా సరిహద్దులు మార్చకూడదని కేంద్రం గడువు పెట్టడంతో, జిల్లాలు, డివిజన్ల మార్పుచేర్పులపై ఆ నెలల్లో హడావుడి నడిచింది. ఏ ఊరికి ఏ ఆఫీసు, ఎవరి నియోజకవర్గానికి ఏ హోదా అన్న లెక్కలే వార్తల నిండా కనిపించాయి. ఆ ఆఫీసుల చుట్టూ ఎక్కువగా తిరిగేది ఎవరు, ఎందుకు తిరుగుతున్నారు అన్న ప్రశ్న మాత్రం 2022లోనూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. ఆ ప్రశ్నను మేం అడగదలిచాం.

మూడు పట్టణాల పోరు

బళ్లారి నుంచి విడదీసి 1882లో అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గాన్ని ఒక జిల్లాగా తీసుకోవడం అప్పటి ప్రభుత్వం పెట్టుకున్న ప్రాతిపదిక. దాని ప్రకారం హిందూపురం పార్లమెంటు స్థానం జిల్లా కావాలి. జిల్లా అయితే అయింది గానీ దానికి శ్రీ సత్యసాయి అని పేరు పెట్టి పుట్టపర్తిని కేంద్రం చేశారు.

హిందూపురం భగ్గుమంది. 2011 జనాభా లెక్కల్లోనే లక్షన్నర జనం ఉన్న పట్టణం అది. కొత్త జిల్లాలో అంత పెద్ద ఊరు మరొకటి లేదు. 2022 ఫిబ్రవరిలో ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ మౌనదీక్ష చేశారు, అవసరమైతే రాజీనామాకూ సిద్ధమన్నారు. జిల్లా కేంద్రం మాత్రం రాలేదు. హిందూపురానికి సొంత ఆర్డీవో ఆఫీసు కూడా లేదు, అది పెనుకొండ డివిజన్ కిందే ఉంది. ధర్మవరం కథ వేరు. ప్రాథమిక నోటిఫికేషన్‌లో ఆ డివిజన్‌నే ఎత్తేసే ప్రతిపాదన వచ్చింది. జనం రోడ్డెక్కాక తుది నోటిఫికేషన్‌లో నిలబెట్టారు. విజయనగర రాజుల రెండో రాజధానిగా పేరున్న పెనుకొండకు పాత డివిజన్ కేంద్రం హోదా అలాగే మిగిలింది.

ఈ పోరాటాలను మేం తక్కువ చేయడం లేదు. జిల్లా కేంద్రం వస్తే భూముల ధర పెరుగుతుంది, హోటళ్లు, లాడ్జీలు, జిరాక్సు షాపులు నడుస్తాయి. ఆ లాభం ప్రధానంగా రోడ్డు పక్కన స్థలం ఉన్నవాళ్లదీ వ్యాపారం చేసుకునేవాళ్లదీ. కూలికి పోయే వాడకు ఆ ఆఫీసు ఇంకో రకంగా అవసరం. న్యాయం అడగడానికి వాడకు ఉన్న గడప అదే.

ఆర్డీవో ఆఫీసు మనకెందుకు?

ఒకటి, భూమి. వాడలో భూమి అంటే చాలావరకు డి.పట్టా భూమే. అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం 1977 ప్రకారం, అన్యాక్రాంతమైన అసైన్డ్ భూమిని స్వాధీనం చేసుకుని అసలు హక్కుదారుకు తిరిగి ఇప్పించే అధికారం తహసీల్దారుకు ఉంది. ఆయన ఉత్తర్వుపై అప్పీలు ఆర్డీవో దగ్గరికి, అక్కడి నుంచి కలెక్టరు దగ్గరికి పోతుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల తయారీ మొదలైంది. ఆ ఫ్యాక్టరీ, బెంగళూరు వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి రెండూ కలిసి ఈ చుట్టుపక్కల భూమి విలువను మార్చేశాయి. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్‌కు కేటాయించిన 8,844 ఎకరాల్లో చెప్పిన పరిశ్రమలు రాలేదు, కేసులు వచ్చాయి. ఇలాంటి చోట అసైన్డ్ భూమి మీద అందరి కన్నూ పడుతుంది. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు అమ్ముకునే హక్కు కల్పిస్తూ 2023లో చేసిన సవరణ తర్వాత ఈ భయం ఇంకా పెరిగింది.

రెండు, అట్రాసిటీ కేసులు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో 17వది, కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలని చెబుతుంది. తర్వాత చేర్చిన 17-ఏ నిబంధన ప్రకారం సబ్ డివిజన్ స్థాయిలోనూ అలాంటి కమిటీ ఉండాలి. రెండూ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. అంటే ఒక డివిజన్ పుట్టిందంటే, దళితుల కేసుల పురోగతిని అడిగి తీరాల్సిన ఒక కమిటీ కూడా పుట్టినట్టే. ధర్మవరం డివిజన్ రద్దు కాకుండా ఆగడం వల్ల మిగిలిన వాటిలో ఇదొకటి. మడకశిర డివిజన్‌తో రావాల్సినదీ ఇదే. ఆ రెండు చోట్లా సంబరాల్లో ఈ మాట ఎత్తినవాళ్లు మాకు కనిపించలేదు.

ఒక కేసు నడిచే దారి

మడకశిరకు పడమరగా అగళి, రొళ్ల, అమరాపురం మండలాలున్నాయి. పటంలో చూస్తే కర్ణాటకలోకి పొడుచుకుపోయిన నేల అది. తుమకూరు జిల్లా శిరా అక్కడివాళ్లకు సొంత జిల్లా కేంద్రం కన్నా దగ్గర. ఆ మండలాల్లోని ఏ వాడలోనైనా దాడి జరిగిందనుకుందాం. చట్టం చెప్పే దారి ఇలా ఉంటుంది.

స్థానిక స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నమోదు కావాలి. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేసి 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. పరిహారం విడతలుగా వస్తుంది: ఎఫ్ఐఆర్ దశలో కొంత, చార్జిషీటు కోర్టుకు చేరాక కొంత, శిక్ష పడ్డాక మిగిలింది. ఆ డబ్బు మంజూరు చేసేది పుట్టపర్తిలోని కలెక్టరేట్. డివిజన్ కమిటీ కూర్చోవాల్సింది ఇన్నాళ్లూ పెనుకొండలో. విచారణ మాటకొస్తే, 2022లో రెవెన్యూ జిల్లా విడిపోయినా న్యాయ పరిధి ఉమ్మడి అనంతపురం జిల్లాదే కొనసాగింది, విభజన నాటికి అట్రాసిటీ కేసుల ప్రత్యేక కోర్టు అనంతపురంలోనే ఉంది. ఒక్క కేసుకు మూడు ఊళ్లు, మూడు దిక్కులు. హిందూపురం నుంచే అనంతపురం నూరు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అమరాపురం నుంచి ఎంతో లెక్క వేసుకోవచ్చు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మంచిదే. కానీ పోయిన రోజు కూలి ఎవరిస్తారు? పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణం వాయిదా వాయిదాకూ తప్పదు. సాక్షులు ఒక్కొక్కరే జారిపోవడం, రాజీకి తలవంచడం వెనక బెదిరింపు ఒక్కటే ఉండదు. ఈ దూరం కూడా ఉంటుంది. చేను యజమానికి కారు ఉంది, వకీలు ఉన్నాడు. ఆయనకు అనంతపురం ఎప్పుడూ దగ్గరే.

ఈ భారం చట్టానికి తెలియనిది కాదు. అదే నిబంధనల్లో 11వది చూడండి. దర్యాప్తుకో విచారణకో పోయే బాధితులకు, వారి మీద ఆధారపడినవాళ్లకు, సాక్షులకు రానుపోను చార్జీలు ఇవ్వాలి. వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా దినభత్యం కూడా ఇవ్వాలి. అది కూడా వెంటనే, లేదా మూడు రోజుల్లోపు. ఇది దయాదాక్షిణ్యం కాదు, హక్కు. అడిగినవాళ్లకు ఇవ్వక తప్పదు. అడగొచ్చని వాడకు చెప్పేవాళ్లే తక్కువ.

పేరు ఎవరిది, పెత్తనం ఎవరిది

2022లో పుట్టిన జిల్లాల పేర్లలో ఒకటి మాత్రమే రక్తం చిందించింది. కోనసీమకు అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన రాగానే మే 24న అమలాపురం తగలబడింది, మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. మిగతా పేర్లకు ఊరు ఊరంతా సర్దుకుపోయింది. జిల్లా ఎవరిదన్న భావన ఎంత లోతుగా కులంతో ముడిపడి ఉందో ఆ ఒక్క రోజే చెప్పింది.

1955లో భాషా ప్రయుక్త రాష్ట్రాల గురించి రాస్తూ అంబేడ్కర్ ఆంధ్రను ఉదాహరణగా తీసుకున్నారు. భూమి, పదవులు రెండు మూడు పెద్ద కులాల చేతుల్లో ఉన్నప్పుడు పాలనా ప్రాంతం గీత ఎలా గీశారన్నది అంటరానివాళ్ల బతుకును నిర్ణయిస్తుందని హెచ్చరించారు. రాష్ట్రం గురించి ఆయన చెప్పింది జిల్లాకూ డివిజన్‌కూ వర్తిస్తుంది. ఆఫీసు దగ్గరికి వస్తే అర్జీ దగ్గరవుతుంది, దానితోపాటు స్థానిక పెద్దల ఒత్తిడి కూడా దగ్గరవుతుంది. అందుకే దగ్గరి ఆఫీసు ఒక్కటే చాలదు. అందులో మనవాళ్లు కూర్చునే కమిటీ, మాట్లాడే అవకాశం కూడా కావాలి.

ఈ జిల్లాలో పూర్తిగా ఉన్న ఆరు అసెంబ్లీ స్థానాల్లో ఎస్సీలకు రిజర్వు అయింది మడకశిర ఒక్కటే. 2024లో అక్కడ గెలుపోటముల తేడా 351 ఓట్లు. అంత పోటీ ఉన్న చోట వాడ ఓటుకు విలువ ఉంది. ఆ విలువను డివిజన్ కమిటీ సమావేశాల దాకా తీసుకుపోవడం ఇప్పుడు మన పని.

ఏ పనికి ఏ జిల్లా?

కలెక్టరు, ఎస్పీ విషయంలో శ్రీ సత్యసాయి ఒక జిల్లా. జిల్లా పరిషత్తు విషయంలో పాత అనంతపురమే జిల్లా. 2025 మెగా డీఎస్సీ టీచరు పోస్టులకూ ఉమ్మడి జిల్లానే లెక్క. ఎస్సీ వర్గీకరణలో 2025లో రాష్ట్రాన్నే యూనిట్‌గా తీసుకుని మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 శాతం ఖరారు చేశారు. మాదిగలు ఎక్కువగా ఉన్న రాయలసీమలో జిల్లా యూనిట్ అయితే లెక్క ఎలా ఉంటుందన్న చర్చ ఇంకా ముగియలేదు. 2027 జనగణనలో ఈ జిల్లా దళితుల లెక్క మొదటిసారి విడిగా తేలుతుంది. నిధులు, సీట్ల పునర్విభజన, వర్గీకరణ వాదనలు అన్నీ రేపు ఆ అంకెల మీదే నడుస్తాయి. ఎన్యూమరేటరు వాడకు వచ్చిన రోజు ప్రతి ఇంటివాళ్లూ కులం పేరు స్పష్టంగా రాయించాలని మేం కోరుతున్నాం.

మేం అడుగుతున్నది

జిల్లా కేంద్రం పుట్టపర్తిలో ఉండాలా, హిందూపురంలో ఉండాలా అన్న వాదనలో మేం ఎటువైపూ చేరం. ఈ నాలుగు మాత్రం అడుగుతున్నాం.

ఒకటి: పెనుకొండ, ధర్మవరం, కదిరి, పుట్టపర్తి డివిజన్లతోపాటు మడకశిరలోనూ 17-ఏ కమిటీ వేయాలి. సభ్యుల పేర్లు, సమావేశాల తేదీలు, తీర్మానాలు బయట పెట్టాలి.

రెండు: శ్రీ సత్యసాయి జిల్లా అట్రాసిటీ కేసుల విచారణ ఈ జిల్లాలోనే జరగాలి. హిందూపురానికి జిల్లా కేంద్రం ఇవ్వలేనివాళ్లు కనీసం ప్రత్యేక కోర్టు ఇప్పించవచ్చు.

మూడు: 11వ నిబంధన కింద చార్జీలు, దినభత్యం ఎవరికి ఎంత ఇచ్చారో ప్రతి మూడు నెలలకూ జిల్లా కమిటీ ముందు పెట్టాలి.

నాలుగు: ప్రతి నెలా 30న జరగాల్సిన పౌర హక్కుల దినాన్ని మండల ఆఫీసులో సంతకాలతో ముగించకుండా వాడలోనే జరపాలి.

వీటిలో మూడింటికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పటం అంతకన్నా అక్కర్లేదు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోయే ప్రతి దళిత సంఘం తన అర్జీలో ఒక ప్రశ్న చేర్చితే చాలు: మా డివిజన్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.