బూన్ లే ఫ్యాక్టరీ ఉద్యోగం: ఏజెంటు చెప్పని లెక్క

బూన్ లే, జురాంగ్ ఫ్యాక్టరీల్లో చిప్ తయారీ యంత్రాలకు, వైద్య పరికరాలకు విడిభాగాలు చేస్తారు. డిప్లొమా చదివిన మన కుర్రాళ్లు వీటిలోకి ఎక్కువగా వచ్చేది ఎస్ పాస్ మీదే. ఆ దారి ఇరుకవుతోంది. 2022 ఆగస్టు దాకా కనీస జీతం 2,500 డాలర్లు; 2025 సెప్టెంబరు నుంచి కొత్త దరఖాస్తులకు 3,300. వయసును బట్టి 4,800 దాకా పోతుంది. పైగా ఒక్కొక్కరికీ నెలకు 650 డాలర్ల లెవీ యజమాని కట్టాలి. ఫ్యాక్టరీ సిబ్బందిలో ఎస్ పాస్ వాళ్లు 15 శాతం మించకూడదు.

ఇంత ఖర్చు పెట్టే యజమాని బటన్ నొక్కే మనిషిని కోరడు. సీఎన్‌సీ ప్రోగ్రాం రాసి, మైక్రాన్లలో తేడా పట్టగలవాడిని కోరతాడు. బాలానగర్ సీఐటీడీ లాంటి చోట టూల్ డిజైన్ నేర్చినవాళ్లకు ఇది మంచి కబురే.

కానీ భార్యాబిడ్డల్ని తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 6,000 జీతం ఉండాలి. 3,300తో మొదలైనవాడు అక్కడికి చేరేదెప్పుడు? పెళ్లి చూపుల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఇక ఫీజు: సింగపూర్ ఏజెన్సీ కాంట్రాక్టులో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, గరిష్ఠంగా రెండు నెలల జీతం వరకే తీసుకోవచ్చని ఇక్కడి చట్టం. పొలం తాకట్టు పెట్టబోతున్న తమ్ముళ్లు ఊళ్లో ఉంటే ఈ అంకె ముందే చెప్పండి, రసీదు అడగమనండి.