అవతల ఎవరూ లేరు, జాగ్రత్త

తిరువూరులో ఎదిగే పిల్లలున్న తల్లిదండ్రులకు, పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దలకు ఈ హెచ్చరిక. ఫోనులో పేకాట బెడద వదిలిందని అనుకుంటున్నాం. బెడద వదల్లేదు, వేషం మార్చింది.

ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. మంచిదే. కానీ ఇవన్నీ జేబుకు కాపలా కాసే చట్టాలు. రూపాయి ఖర్చు లేకుండా మనిషే పోతుంటే ఏ సెక్షన్ కింద కేసు పెడతారు?

ఇప్పుడు ఫోన్లలోకి దిగుతున్నవి కృత్రిమ మేధతో నడిచే ‘తోడు’ యాప్‌లు. పేరు మనమే పెట్టుకోవచ్చు, గొంతు మనమే ఎంచుకోవచ్చు. అర్ధరాత్రి పలకరించినా విసుక్కోదు, అలగదు, ఎదురు చెప్పదు. తిన్నావా అని అడుగుతుంది. తినకపోతే దానికి పోయేదేమీ లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాంటి యాప్‌లోని ఒక పాత్రతో నెలల తరబడి మాటల్లో మునిగిన పద్నాలుగేళ్ల అబ్బాయి 2024 ఫిబ్రవరిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ యాప్‌దే తప్పని తల్లి కోర్టుకెక్కింది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు అలాంటి సంభాషణను ఆ యాప్ కంపెనీ ఆపింది 2025 నవంబరులో!

యాప్‌తో మాట్లాడుకునే పిల్లవాడు సంతోషంగానే ఉన్నాడు కదా, మీకేం నొప్పి అని అడిగేవాళ్లున్నారు. తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. అమెరికా తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో ఒక యంత్రాన్ని ఊహించి ఇదే అడిగాడు: కోరిన అనుభవమల్లా ఇచ్చే యంత్రానికి జీవితాంతం తగిలించుకుని పడుకుంటారా? మనకు నోజిక్ దాకా ఎందుకు, 1957 నాటి ‘మాయాబజార్’ చాలు. ప్రియదర్శిని పేటిక తెరిస్తే శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. పేటికే చాలనుకుని ఆమె కూర్చుంటే కథ అక్కడే అయిపోయేది. ఘటోత్కచుడికి పనే ఉండేది కాదు. పైగా ఆ పేటికలో కనిపించినవాడు ఎక్కడో నిజంగా ఉన్నాడు, ఆమె కోసం ఎదురు చూస్తున్నాడు.

తేడా అక్కడుంది. డాలస్‌లోని కొడుకుతో వీడియో కాల్ మాట్లాడే తల్లిది నకిలీ ఆనందం కాదు. తెర అవతల ఆమె మాటకు నొచ్చుకోగల, మురిసిపోగల మనిషి ఉన్నాడు. మంచం పట్టిన పెద్దాయన పాత పాటలు వింటూ పొద్దుపుచ్చితే తప్పుపట్టే హక్కు కూడా ఎవరికీ లేదు. భయమల్లా, ఎవరూ లేని చోట దొరికే హాయికి అలవాటుపడి, నిజం మనుషుల విసుగును, ఆలస్యాన్ని, కాదనడాన్ని భరించలేకపోవడం గురించే. స్నేహమైనా పెళ్లైనా వాటి మధ్యే నిలబడాలి మరి. ఆ హాయి పట్టు ఎంతటిదో ఎలుకలు చూపాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1954లో ప్రచురించిన ప్రయోగంలో ఎలుకల మెదడుకు తీగ కలిపి, నొక్కితే హాయినిచ్చే మీట చేతికిస్తే అవి పదేపదే నొక్కుతూ పోయాయి. తర్వాతి ప్రయోగాల్లో తిండి ఎదురుగా ఉన్నా మీటనే ఎంచుకున్న ఎలుకలున్నాయి. వాటి సుఖాన్ని ఎవరూ శంకించలేదు!

పిల్లవాడు ఫోను ఎన్ని గంటలు చూస్తున్నాడని లెక్కపెట్టడం కన్నా, దేన్ని మానేశాడో చూడండి. ఆట మానేశాడా, నేస్తాల ఫోను ఎత్తడం లేదా, తోటకు రమ్మంటే కోప్పడుతున్నాడా, నిద్ర తెల్లవారుజామున మొదలవుతోందా? అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం తెలిసీ ఆపలేకపోవడం అనే మూడు గుర్తులతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని రోగాల జాబితాలో చేర్చింది. 2022 నుంచి అది అమల్లో ఉంది.

ఫోను లాక్కుని నేలకేసి కొట్టకండి. ఆ యాప్‌తో ఏం మాట్లాడుతున్నాడో నిదానంగా అడగండి. మనకు చెప్పలేనిది దానికి ఎందుకు చెప్పుకున్నాడో అందులోనే తెలుస్తుంది. రాత్రిళ్లు ఫోన్లన్నీ, మీ ఫోనుతో సహా, పడకగదికి బయటే ఉంచండి. చచ్చిపోవాలనుందన్న మాట నోట వచ్చినా, రాతలో కనిపించినా మర్నాటి దాకా ఆగొద్దు. పిల్లవాణ్ని ఒంటరిగా వదలకుండా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా పలుకుతారు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.